ఎర్రచుక్క సీసా

సోడా అక్క ఆ రోజు కూడా వచ్చి మెట్ల మీద కూర్చుంది. పక్కన ఒక నీళ్ళ సీసా, దాని మూతి మీద బోర్లించిన గాజు గ్లాసు. నీటి పరీక్షల ల్యాబుకి గుమ్మం ఒక్కటే. దానికున్న మెట్లు ఇరుకు. ఆ ఇరుకులో సరిగ్గా నడిమధ్య ఆమె చతికిలబడి ఉండేది. లోపలికి వెళ్ళాలంటే పెద్దసారైనా సరే ఒక పక్కకి ఒరిగి, గోడ పట్టుకుని వెళ్ళాల్సిందే.

"వచ్చింది మహాతల్లి," అంది సోడా అక్క, చుక్కల మేడమ్ గేటు దాటగానే, వాచ్‌మన్‌కి చెబుతున్నట్టు. "నా పొట్ట కొట్టి, తన పొట్ట నింపుకుని, ఎంత తీరిగ్గా నడిచొస్తోందో చూడు."

చుక్కల మేడమ్‌కి అసలు పేరొకటి ఉంది కానీ ల్యాబులో ఎవరూ వాడరు. రోజంతా బ్యూరెట్టు ముందు నిలబడి, ఆ సన్నటి గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా మందు వదులుతూ, కింద నీళ్ళ రంగు ఎప్పుడు మారుతుందా అని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం ఆమెది. ఆ పేరు పెట్టినవాడు అదే గదిలో రెండో బల్ల దగ్గర పనిచేసే తుప్పు సారు. నీళ్ళలో ఇనుము, సీసం, రాగి లాంటివి ఎంతున్నాయో తేల్చడం ఆయన పని కాబట్టి ఆయనకా పేరు పెట్టింది ఈవిడ. ఇద్దరూ ఒకరికొకరు చేసుకున్న ఉపకారం అదొక్కటే.

"జరుగు," అంది మేడమ్.

"తాగితే జరుగుతా." సోడా అక్క గ్లాసు నింపి చాపింది. "నా బోరు నీళ్ళే. పొద్దున పట్టినవి. ఒక్క గుక్క తాగు, నీ ఎదురుగా లేచి వెళ్ళిపోతా."

"పరీక్ష చెయ్యని నీళ్ళు నేను తాగను."

"చేశావుగా! చేసే కదా నా గదికి తాళం వేయించావు?"

"చేశాను కాబట్టే తాగను."

వాచ్‌మన్ నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. సోడా అక్క మాత్రం నవ్వలేదు. గ్లాసులో నీళ్ళు తానే గడగడా తాగి, ఖాళీ గ్లాసు మేడమ్ మొహం ముందు తిప్పి చూపించింది. "చూడు, చచ్చానా?"

మేడమ్ గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకి జాలి వెయ్యలేదు. ఎందుకు వెయ్యాలి? సోడా అక్క బోరు నీళ్ళలో నైట్రేటు ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. తన చేత్తో తెచ్చి, తన చేత్తో పరీక్షించి, తన సంతకంతో రాసి ఇచ్చింది. ఆ నీళ్ళతో పసిపిల్లల పాలు కలిపితే పిల్లల ఒళ్ళు నీలం తిరుగుతుంది. ఆ కాగితం చూసే ఇన్‌స్పెక్టరు వెళ్ళి, సోడాలూ నీళ్ళ డబ్బాలూ నింపే గదికి సీలు వేశాడు. ఆ వారంలోనే కిరాణా కొట్లవాళ్ళు డబ్బాలు తిరక్కొట్టారు. బండి తోలేవాడు వేరే చోట పని చూసుకున్నాడు. ఇదంతా సోడా అక్క రోజూ మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ వినిపిస్తూనే ఉంది. విని విని మేడమ్‌కి చెవుల్లో జోరీగలా తయారైంది.

గదిలో తుప్పు సారు అప్పటికే వచ్చి కిటికీ బార్లా తెరిచి పెట్టాడు. మేడమ్ వెళ్ళి దాన్ని ధడాలున మూసేసింది. ఆయన లేచి తెరిచాడు. ఆమె లేచి సగం మూసింది. ఇదీ వాళ్ళ రోజువారీ పలకరింపు. కిటికీ తెరిస్తే గాలికి ఆమె త్రాసు ముల్లు వణుకుతుంది, పిండిలాంటి మందుల తూకం తప్పుతుంది. మూస్తే ఆయన బల్ల మీద ఉడికే యాసిడ్ పొగ ఆయన గొంతులోకే పోతుంది. ఇద్దరిదీ న్యాయమే. కానీ ఆ న్యాయం చెప్పుకోవడానికి నోరు తెరిచి ఏళ్ళయింది. అవసరమైతే ఇద్దరూ గాజుసామాను కడిగే ముసలాయనతో చెప్పించుకునేవాళ్ళు. ఆ ముసలాయనకి మోకాలి నొప్పి వచ్చి సెలవు పెడితే ఆ గదిలో మాటే పుట్టేది కాదు.

అన్నిటికంటే ఆమెకి కంపరం పుట్టించేది ఎర్రచుక్క. తుప్పు సారు తన కుర్చీ వీపుకి ఒక ఎర్రరంగు చుక్క పెట్టుకున్నాడు. టీ కప్పుకి ఒకటి, కత్తెరకి ఒకటి. అలమరలో సీసాల మెడలకి కూడా ఎర్రచుక్కలే. ఎవరో ఆయన సొత్తు దోచుకుపోతారన్నట్టు! ఈ మనిషికి ఊపిరి పీల్చే గాలి మీద కూడా ఎర్రచుక్క పెట్టుకునే వీలుంటే పెట్టుకునేవాడని ఆమె ముసలాయనతో అంటుండేది, ఆయనకి వినపడేలా.

*

ఇంటి దగ్గర అత్తగారు కడుపు పట్టుకుని కూర్చుని ఉంది.

"ఆవిడ సోడా తాగితేనే నాకు ఈ బరువు దిగేది. దానికీ తాళం వేయించావు."

"అత్తయ్యా, ఆ నీళ్ళు మంచివి కావు. పసిపిల్లలకి పాలల్లో కలిపి పడితే ప్రాణం మీదికొస్తుంది."

"ఆవిడ సోడాలో పాలు కలిపి అమ్ముతోందని నాకు తెలీదు సుమీ." అత్తగారు నిట్టూర్చింది. "నేను ఇన్నేళ్ళుగా తాగుతున్నాను. నా ఒళ్ళు ఎక్కడైనా నీలంగా ఉందేమో చూడు."

భర్త ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే నవ్వాడు. పక్కింటావిడ సాయంత్రం నుంచి తనతో మాట్లాడటం మానేసిందని, నీళ్ళ డబ్బా కోసం ఇప్పుడు రెండు వీధులు దాటి వెళ్ళాల్సి వస్తోందని చెప్పాడు. "నువ్వు కాస్త చూసీ చూడనట్టు పోతే ఏం పోయింది?" అన్నాడు.

"నేను అలా పోయేదాన్ని కాదు," అంది మేడమ్. గర్వంగానే అంది. ఇంట్లోనూ వీధిలోనూ మెట్ల మీదా అందరూ తనని కాల్చుకు తింటుంటే, మనిషికి మిగిలేది తను సరైనదన్న నమ్మకమే. దాన్ని ఆమె గట్టిగా పట్టుకుంది. తినే అన్నం సయించలేదు కానీ నిద్ర మాత్రం బాగానే పట్టింది.

మర్నాడు పెద్దసారు పిలిచాడు. ఆయన ల్యాబుకి అధికారి. పదవీ విరమణ దగ్గర పడుతున్న మనిషి. అరిచేవాళ్ళని చూస్తే ఆయనకి తలనొప్పి. ఆయన గది కిటికీ మెట్ల వైపే ఉంటుంది.

"ఆవిడ అప్పీలు పెట్టుకుందమ్మా. రెండో సీసా శుక్రవారం పెద్ద ల్యాబుకి పంపాలి."

నమూనా తెచ్చినప్పుడు రెండు సీసాలు నింపడం పద్ధతి. ఒకటి ఇక్కడ పరీక్షిస్తారు. రెండోది లక్క ముద్ర వేసి పెద్దసారు బీరువాలో పెడతారు. ఎవరైనా కాదూ కూడదూ అంటే ఆ రెండోది పెద్ద ల్యాబుకి వెళుతుంది. అక్కడ చెప్పిందే ఆఖరు. అక్కడ కూడా నైట్రేటు తేలితే సోడా అక్క లైసెన్సు శాశ్వతంగా పోతుంది.

"పంపండి సార్. అదీ ఇదే చెబుతుంది."

"చెబితే నా ప్రాణానికి హాయి. ఈ గోల వదులుతుంది." ఆయన కిటికీ వైపు భయంగా చూశాడు. "దాంతో పాటు మన రిపోర్టు కూడా నిండుగా వెళ్ళాలి. నువ్వు నైట్రేటు ఒక్కటే చేశావు. కఠినత్వం, క్షారగుణం, ఉప్పు, అన్నీ చేసి పెట్టు. వాళ్ళు వంక పెట్టకూడదు."

తను చేసిన పనికి ఎవరైనా వంక పెడతారన్న మాటే మేడమ్‌కి నచ్చలేదు. అయినా తల ఊపి వచ్చింది. మొదటి సీసాలో మిగిలిన నీళ్ళు ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఆమె ఏదీ పారేసే రకం కాదు.

*

మధ్యాహ్నం సోడా అక్క మెట్ల మీద ఆగలేదు. వాచ్‌మన్‌ని తోసుకుని, ఒక చేత్తో సీసా, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని తిన్నగా గదిలోకే వచ్చేసింది.

"శుక్రవారం పంపుతారటగా! నాకు ఉరేస్తారటగా!" ఆమె గొంతుకి గాజుసామానంతా గలగలలాడింది. "నేనీ బోరు వేయించుకున్నది ఎలాగో తెలుసా నీకు? నా మొగుడు పోయాక ఒక్కదాన్నే ఈ చేతుల్తో సీసాలు కడుక్కుంటూ బతికా. నువ్వు వచ్చి అర నిమిషం నిలబడి, సీసాలో ఇన్ని నీళ్ళు పట్టుకుపోయి, నా నీళ్ళు విషం అన్నావు. తాగు! ఇప్పుడు తాగు!"

గ్లాసు మేడమ్ మూతికి తగిలింది. నీళ్ళు తెల్ల కోటు మీద ఒలికాయి. రెండో బల్ల దగ్గర తుప్పు సారు చేస్తున్న పని ఆపి చూస్తున్నాడు. ఆయన చూస్తున్నాడన్నదే మేడమ్‌కి ఎక్కువ మండింది.

"ఇటివ్వు!" అని సీసా లాక్కుంది. "నీ నీళ్ళ బండారం నీ కళ్ళ ముందే బయటపెడతా. నైట్రేటుంటే గిన్నె పసుపెక్కుతుంది, అది చూసి, నోరు మూసుకుని ఇంటికి పో. ఇంకోసారి ఈ మెట్లు ఎక్కితే పోలీసుల్ని పిలుస్తా."

"పిలువు. వాళ్ళకి కూడా నా సోడా అలవాటే."

మేడమ్ వినిపించుకోలేదు. సోడా అక్క తెచ్చిన నీళ్ళు కొలిచి ఒక పింగాణీ గిన్నెలో పోసింది. పక్కన ఇంకో గిన్నెలో ఫ్రిజ్‌లోని మొదటి సీసా నీళ్ళు. రెండింటినీ ఆవిరి తొట్టి మీద పెట్టింది. నీళ్ళు ఎగిరిపోయి అడుగున తెల్లటి పొర మిగిలేదాకా ఆగాలి. తొందర పడితే చిట్లిపోతుంది. సోడా అక్క ముసలాయన స్టూలు మీద కూర్చుంది. అంతసేపూ ఆమె తిట్టలేదు. గిన్నెల్లోంచి లేచే ఆవిరినే చూస్తూ, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది.

ఆరిన గిన్నెల్లో మేడమ్ మందు వేసి గాజు కడ్డీతో రుద్దింది. తరువాత అమ్మోనియా పోసింది. ఫ్రిజ్ నీళ్ళ గిన్నె నిమ్మపండులా పసుపెక్కింది. సోడా అక్క తెచ్చిన నీళ్ళ గిన్నెలో ఏ రంగూ లేదు. వంచి చూస్తే, వెలుతురుకి పట్టి చూస్తే, ఏదో ఉందా అన్నంత.

సోడా అక్కకి మందులు తెలియవు కానీ రంగులు తెలుసు. "ఏది నాది?" అంది నెమ్మదిగా.

మేడమ్ మొహం నల్లబడింది. మరుక్షణమే ఎర్రబడింది. "ఎక్కణ్ణించి తెచ్చావీ నీళ్ళు? ఏ పంపు దగ్గర పట్టావు? నన్నే మోసం చేద్దామనుకున్నావా?"

సోడా అక్క లేచి నిలబడింది. ఇంతకు ముందు ఉన్న అరుపు, ఎగతాళి, ఏదీ ఆమె మొహంలో లేదు.

"నీ కళ్ళతో చూసి కూడా అంటున్నావు," అంది. "నీకు నా నీళ్ళతో కాదు, నాతోనే పగ."

గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. సీసా బల్ల మీదే ఉండిపోయింది.

*

మేడమ్‌కి ఇప్పుడు ఒకటే పట్టుదల. ఈ నీళ్ళు వేరే బోరువని నిరూపించాలి. అది పెద్ద కష్టం కాదు. ఏ రెండు బోర్ల నీళ్ళూ ఒక్కలా ఉండవు. ఒకదాంట్లో సున్నం ఎక్కువ, ఒకదాంట్లో ఉప్పు ఎక్కువ. మనిషి మొహాల్లాగే దేని పోలిక దానిదే.

కఠినత్వం చూసింది. ఫ్రిజ్ నీళ్ళకీ, సోడా అక్క తెచ్చిన నీళ్ళకీ బ్యూరెట్టు ఒకే గీత దగ్గర ఆగింది. చెయ్యి వణికిందేమో అని మళ్ళీ చేసింది. అదే గీత. ఉప్పు చూసింది. అదీ అంతే. ఎంత పోట్లాడినా రెండు నీళ్ళూ ఒకే తల్లి పిల్లలు. సోడా అక్క మోసం చెయ్యలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి మేడమ్ గుక్కెడు మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది.

ఇక మిగిలింది క్షారగుణం. సోడా అక్క నీళ్ళలో రంగు మందు వేస్తే పసుపు వచ్చింది. పైనుంచి పలచని యాసిడ్ చుక్కలు వదులుతూ పోయింది. ఆ నీళ్ళు చాలా చుక్కలు మింగి, మింగి, అప్పటికి గానీ గులాబీకి తిరగలేదు. మంచి గట్టి నీళ్ళు. తరువాత ఫ్రిజ్ నీళ్ళు పెట్టింది. చుక్కలు వదలడం మొదలుపెట్టి, పక్కకి తిరిగి మళ్ళీ చూసేసరికి రంగు మారిపోయి ఉంది. ఇంత తొందరగానా! గొట్టం కారిందేమో అని పిడి చూసింది. కారలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. ఒకే బోరు, ఒకే సున్నం, ఒకే ఉప్పు. కానీ ఈ నీళ్ళలో యాసిడ్‌ని మింగే గుణం సగానికి సగం ఎక్కడికో పోయింది.

ఎక్కడికి పోతుంది? ఇంతకు ముందే ఎవరో వీటికి యాసిడ్ తాగించి ఉంటే తప్ప.

ఆమె అలా బ్యూరెట్టు పట్టుకుని నిలబడి ఉండగా, వెనక టక్‌మని మూత పెట్టిన చప్పుడైంది. తిరిగి చూసింది. తుప్పు సారు తన సీసాలు వరసగా పేర్చుకుని, వంగి, ఒక్కో సీసాలో చిన్న గొట్టంతో నైట్రిక్ యాసిడ్ వదులుతున్నాడు. వదిలిన ప్రతిదానికీ మూత బిగించి, కుంచెతో మెడ మీద ఎర్రచుక్క పెడుతున్నాడు. ఆ పని ఆయన నెలనెలా చేస్తూనే ఉండి ఉంటాడు. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ బల్ల వైపు చూడలేదు. చూడకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం.

సోడా అక్క బోరు నీళ్ళు తెచ్చిన రోజు ఆమెకి గుర్తొచ్చింది.

ఆ రోజు ఇన్‌స్పెక్టరు జీపు హారను కొడుతున్నాడు. ముసలాయన సెలవులో ఉన్నాడు, తన సీసాలన్నీ మురికిగా తొట్టిలో పడి ఉన్నాయి. తుప్పు సారు టీకి వెళ్ళాడు. ఆయన అలమర తెరిచి ఉంది. అడగడమా? చస్తే అడగదు. నిగనిగలాడే రెండు సీసాలు ఎర్రచుక్కలతో సహా తీసి సంచీలో వేసుకుంది. ఆయన సొత్తు ఎత్తుకెళుతున్నానన్న సంతోషం కూడా కలిగింది. బోరు దగ్గర, ఆ నీళ్ళతోనే సీసాని మూడుసార్లు కడిగి పారబోసి అప్పుడు నింపాలి. సోడా అక్క నెత్తి మీద నిలబడి నస పెడుతోంది, ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకుంటున్నాడు. ఒక్కసారి అటూ ఇటూ తిప్పి పారబోసి నింపేసింది. మూల అడుగున ఎక్కడో ఒక చుక్క యాసిడ్ మిగిలిపోయింది. అందులో ఉన్నదంతా నైట్రేటే. ఆ ఒక్క చుక్క చాలు.

మేడమ్ తుప్పు సారు బల్ల దగ్గరికి నడిచింది.

"ఈ సీసాల్లో ముందే యాసిడ్ వేసి పెడతారా మీరు?"

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. ఎవరితో మాట్లాడుతోందో అన్నట్టు వెనక్కి తిరిగి కూడా చూశాడు.

"ఎర్రచుక్క ఉన్నవాటిలో," అన్నాడు చివరికి. "లోహాలు గాజుకి అంటుకుపోకుండా. అందుకే గుర్తు పెడతాను. తెలియనివాళ్ళు తియ్యకూడదని."

"మరి కుర్చీకి కూడా ఉందిగా?"

"అది మీరు కూర్చోకుండా."

"పోయినసారి మీ అలమర్లో రెండు సీసాలు..."

"తగ్గాయి. మూడో రోజు ఒకటి మీ ఫ్రిజ్‌లో కనపడింది. ఇంకోటి లక్క ముద్రతో పెద్దసారు బీరువాలోకి పోయింది." ఆయన కుంచె రంగు డబ్బాలో పెట్టాడు. "నైట్రేటు రెట్టింపు వచ్చిందని విన్నప్పుడే తెలిసిపోయింది నాకు."

"తెలిసి చెప్పలేదా?"

"మీరు అడగలేదు."

"అడక్కపోతే! ఆవిడ బతుకు వీధిన పడింది! మీరు రోజూ ఆ మెట్ల మీద నుంచే కదా వస్తున్నారు? ఆవిడ్ని దాటుకునే కదా వస్తున్నారు?"

"తప్పు చేసింది మీరు," అన్నాడు తుప్పు సారు. "దొంగతనం చేసింది మీరు. ముందు నేను మాట్లాడాలా? నేనెందుకు మాట్లాడాలి ముందు?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. ఇన్నాళ్ళూ దాన్నే నమలుతూ కూర్చున్నట్టు ఉంది ఆ మొహం. మేడమ్‌కి చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది. చెయ్యి కూడా లేచింది. కానీ ఆయన స్థానంలో తనే ఉంటే చెప్పి ఉండేదా? జవాబు వెంటనే వచ్చింది. అది ఆమెకి ఏమాత్రం నచ్చలేదు. లేచిన చెయ్యి బల్ల మీద ఆనించి, ఆసరాగా నిలబడింది.

*

"ఎవరెవరికి తెలుసు?" అన్నాడు పెద్దసారు మర్నాడు, అంతా విని. ఆయన అడిగిన మొదటి మాట అది.

"నాకు. తుప్పు సారుకి."

"ఆవిడకి?"

"రంగు చూసింది. ఎందుకో తెలీదు."

పెద్దసారు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "రెండో సీసా కూడా అలాంటిదే అంటున్నావు. అంటే పెద్ద ల్యాబులో కూడా నైట్రేటే తేలుతుంది. రెండు ల్యాబులు ఒకే మాట చెప్పాక ఇంక అడిగేదెవరు? నువ్వే ఈ పిచ్చి మాటలు మాట్లాడకుండా ఉంటే నీ పేరూ నిలుస్తుంది, ల్యాబు పేరూ నిలుస్తుంది. ఆలోచించుకో అమ్మా. ఆయన ఇన్నాళ్ళు దాచాడు కాబట్టి ఆయనా నోరు మెదపడు."

మేడమ్ ఆలోచించుకోలేదని అంటే అబద్ధం. ఆలోచించింది. తన మాట తప్పని ఎవరికీ తెలియదు. అత్తగారి ముందు, పక్కింటావిడ ముందు, ఆ తుప్పు మొహం ముందు తనే గెలుస్తుంది. ఎంత తేలిక! చెయ్యాల్సిందల్లా ఊరుకోవడం. శుక్రవారం సీసా దానంతటదే వెళుతుంది. సోడా అక్క కూడా తనంతట తనే మెట్లు దిగి పోతుంది.

కిటికీలోంచి మెట్లు కనిపిస్తున్నాయి. ఆ రోజు సోడా అక్క రాలేదు. అక్కడ ఎవరూ లేకపోవడమే ఆమెని కుదిపేసింది. రోజూ తిట్టినప్పుడు బాగానే ఉండేది. తిట్లకి బదులు చెప్పచ్చు.

"ఒక్క నిమిషం సార్," అని గదికి వచ్చింది. తుప్పు సారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కిటికీ మూసే ఉంది.

"మీరు వచ్చి ఆ సీసాలు మీవని చెప్పాలి," అంది. "అడుగుతున్నాను."

ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు, అంటిన ఎర్రరంగు పోయేదాకా. తరువాత అలమర తెరిచి ఎర్రచుక్క ఉన్న సీసా ఒకటి తీసి, దాన్ని చేత్తో పట్టుకుని ఆమె వెనకే వచ్చాడు.

ఆవిరి తొట్టి తెప్పించి, పెద్దసారు బల్ల మీదే ఇద్దరూ పరీక్ష చేసి చూపించారు. తుప్పు సారు ఆ సీసాని ఒక్కసారి కడిగి పారబోశాడు, ఆ రోజు ఆమె చేసినట్టే. సోడా అక్క వదిలి వెళ్ళిన నీళ్ళు అందులో పోశాడు. మేడమ్ వాటిని గిన్నెలో పోసి ఆవిరి మీద పెట్టింది. మందు వేసి రుద్దింది. అమ్మోనియా పోసింది. నిమ్మపండు పసుపు. ఆ పక్కనే, ఎర్రచుక్క సీసాలో పొయ్యని నీళ్ళ గిన్నె తెల్లగా ఉంది. పెద్దసారు రెండింటినీ చూసి కళ్ళజోడు తీసేశాడు.

"మీకు మొదటే తెలుసన్నది నిజమేనా?" అని తుప్పు సారుని అడిగాడు.

తుప్పు సారు తల వంచుకున్నాడు. "తెలుసు సార్."

"ఇద్దరూ ఇద్దరే," అన్నాడు పెద్దసారు. అంతకంటే పెద్ద తిట్టు ఆ ల్యాబులో ఎవరూ ఎన్నడూ ఎవరినీ తిట్టలేదు. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. రిపోర్టు వెనక్కి తీసుకున్నారు. నైట్రేటు పని మేడమ్ చేతుల్లోంచి పోయింది. లక్క ముద్ర సీసా బీరువాలోనే ఉండిపోయింది.

*

సీలు తీయడానికి ఇన్‌స్పెక్టరుతో పాటు మేడమ్ కూడా వెళ్ళింది. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. సోడా అక్క షెడ్డు ముందు ఖాళీ డబ్బాలు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. ఇన్‌స్పెక్టరు లక్క పగలగొట్టి, తాళం తీసి, సంతకం పెట్టించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా జీపెక్కి కూర్చున్నాడు.

గదిలో మూసిన వాసన గుప్పుమంది. గ్యాసు గొట్టం మీద బూజు. బల్ల మీద సీసాల అడుగున పాకుడు పట్టి ఉంది. సోడా అక్క కొంగు బిగించి, బకెట్టు పెట్టి, మొదటి సీసా తీసుకుని బ్రష్షుతో తోమడం మొదలుపెట్టింది. మేడమ్ అక్కడ ఉన్నట్టే ఆమెకి పట్టలేదు.

"అక్కా," అంది మేడమ్. నోట్లోంచి ఆ పిలుపు మొదటిసారి వచ్చింది. "నీ నీళ్ళు మంచివి. మొదటినుంచీ మంచివే. తప్పు నాది."

బ్రష్షు ఆగలేదు.

మేడమ్ అంతా చెప్పింది. హారను, మురికి సీసాలు, తెరిచిన అలమర, ఎర్రచుక్క. ఆయన్ని అడగటం ఇష్టం లేక అడక్కుండా తీసుకున్నానని చెప్పింది. ఒక్కసారే కడిగానని చెప్పింది. చెబుతుంటే ఎంత చిన్న విషయమో ఆమెకే వినిపించి సిగ్గుతో చచ్చిపోయింది. తిడుతుందని ఎదురుచూసింది. ఎంత తిట్టినా నిలబడి పడదామనే వచ్చింది. సోడా అక్క తోమిన సీసా బోర్లించి, ఇంకోటి తీసుకుంది.

"కొట్లవాళ్ళు మళ్ళీ తీసుకుంటారు," అంది మేడమ్. "నేనే వెళ్ళి చెబుతా."

"వాళ్ళు ఇంకొకళ్ళ దగ్గర కుదుర్చుకున్నారు."

అంతే. కొళాయి పక్కన అరుగు మీద ఆ గాజు గ్లాసు ఉంది, రోజూ మెట్ల మీద తన ముందుకు చాపిన గ్లాసు. అప్పుడు తాగలేదు, ఇప్పుడు తాగుతానన్న సంగతి మాటల్లో చెప్పడం కంటే చేసి చూపిస్తే మేలనిపించింది. గ్లాసు తీసుకుని కొళాయి తిప్పింది.

తడి చెయ్యి ఒకటి వచ్చి కొళాయి కట్టేసింది. గ్లాసు ఆమె వేళ్ళలోంచి తీసేసుకుంది.

"ఇదీ అడక్కుండానే తీసుకున్నావు," అంది సోడా అక్క.

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. మేడమ్ చేతులు ఖాళీగా గాల్లో ఉండిపోయాయి. జీపు హారను మోగింది. ఇన్‌స్పెక్టరుకి ఈసారి కూడా తొందరగానే ఉంది. మేడమ్ కదల్లేదు.

"అక్కా," అంది మెల్లగా, "ఒక గ్లాసు నీళ్ళు ఇస్తావా?"

సోడా అక్క ఆమె మొహంలోకి అప్పుడు చూసింది. ఆ రోజంతటిలో మొదటిసారి.

"ఇవ్వను," అంది. గ్లాసు బకెట్టులో ముంచి, కడిగి పారబోసి, మళ్ళీ ముంచి, కడిగి, మూడోసారి కూడా కడిగి, అరుగు మీద బోర్లించి, తోముతున్న సీసా చేతిలోకి తీసుకుంది.